పోర్ట్‌ఫోలియోలో సవర బొమ్మలు: ఉంచాలా, తీసేయాలా?

గుణుపురం_గీతలు:
అందరికీ నమస్కారం. మాది గుణుపురం. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. ఇప్పుడు భువనేశ్వర్‌లో ఇలస్ట్రేషన్ మూడో ఏడు. వచ్చే నెల పోర్ట్‌ఫోలియో, అంటే నా పనిలోంచి ఏరి కూర్చిన బొమ్మలు, చూపించాలి. 18 షీట్లు తయారయ్యాయి. వాటిలో 6 మా వైపు కొండల్లో ఉండే సవర గిరిజనులు గోడల మీద వేసే బొమ్మల పద్ధతిలో వేసినవి, ఎర్రమట్టి మీద తెల్ల గీత. క్లాసులో అందరికీ నచ్చినవి అవే. "నీకంటూ ఒక శైలి దొరికింది, మిగతావి తీసేసి ఇవే పెంచు" అన్నారు ఒక సార్. నా రూమ్మేట్ మాత్రం "నువ్వు సవర పిల్లవి కాదు కదా, అది నీ శైలి ఎలా అవుతుంది?" అంది. రెండు రోజులుగా ఆ మాట నన్ను వదలడం లేదు.

ఆ 6 ఎలా వచ్చాయో చెప్తాను. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఎర్రమట్టి నీళ్లలో కలిపి మందపాటి (300 జీఎస్ఎం) వాటర్‌కలర్ కాగితం మీద పూశాను. ఆరాక చెయ్యి ఆనిస్తే అరచెయ్యంతా ఎర్రబడింది. మట్టి కాగితాన్ని పట్టుకోలేదు. తుమ్మజిగురు కలిపాక నిలిచింది. తర్వాత నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బి, గుడ్డలో వడగట్టి, వెదురుపుల్ల కొస నలగ్గొట్టి గీశాను. తడిగా ఉన్నంతసేపు గీత నీళ్ల చారలా ఉంటుంది, సరిగా కనపడదు. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. నేను కంగారుపడి ఒకే గీత మీద రెండుసార్లు పోనిచ్చాను. ఆరాక అక్కడ మందంగా అట్టకట్టి, పెచ్చులూడింది. మా అమ్మ వెనకనుంచి చూసి "తడి ముగ్గు చూసి తప్పనుకోకూడదే, ఆరనీ" అంది.

ఆ 6 షీట్ల ఫోటోలు ఇక్కడ పెట్టాను. ఉంచమంటారా, తీసేయమంటారా?

రాయగడ_రంగు:
ఉంచు చెల్లెమ్మా. ఏమాత్రం సందేహించకు. కళ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతేనే బతుకుతుంది. చిత్రకారుడు జామినీ రాయ్ కలకత్తా ఆర్ట్ స్కూల్లో పాశ్చాత్య పద్ధతి నేర్చుకుని, దాన్ని వదిలేసి బెంగాల్ పల్లెల్లో పటాలు వేసే పటువాల గీత అందుకున్నాడు. ఆయన పటువా ఇంట్లో పుట్టలేదే! నువ్వు పుట్టి పెరిగిన జిల్లా బొమ్మ అది. నువ్వు కాకపోతే ఢిల్లీలో ఎవరో నెట్లో చూసి కాపీ కొడతారు. మట్టి పూసి, బియ్యం రుబ్బి అంత కష్టపడ్డదానివి, ఎందుకు దాచుకోవాలి?

తీరం_తాబేలు:
ఇవి వర్లీ బొమ్మలు కదండీ?

బరంపురం_పట్టు:
కాదండీ. వర్లీ మహారాష్ట్రలో పాల్ఘర్ వైపుది. రెండూ ఎర్ర నేల మీద తెల్లగా ఉంటాయి కాబట్టి చాలామంది పొరబడతారు. సవర బొమ్మలో ముందు చుట్టూ అంచు కట్టి, తర్వాత లోపల నింపుకుంటూ వస్తారు. మనుషులు పొడుగ్గా, సన్నగా ఉంటారు.

అసలు ప్రశ్నకి చట్టం వైపు నుంచి ఒక్క మాట. 2024 జనవరిలో లంజియా సవర (సవరల్లో ఒక శాఖ) చిత్రానికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, వచ్చింది. జీఐ కాపాడేది పేరుని. హక్కు లేనివాళ్లు ఆ పేరు పెట్టి సరుకు అమ్ముకోకూడదు. అలాంటి గీత గీయొద్దని ఏ చట్టమూ చెప్పదు. కాబట్టి అమ్మాయి చేసినదాంట్లో చట్టపరంగా తప్పేం లేదు. మిగతాది మీరంతా తేల్చండి.

పర్లాకిమిడి_డ్రాయింగ్ మాస్టారు:
అమ్మా, నేను ముప్పై ఏళ్లు బళ్లో డ్రాయింగ్ చెప్పినవాణ్ని. చట్టం ఒప్పుకుంటే సరిపోదు. మన ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులుగారు కూడా బడిపంతులే. సవర భాష నేర్చుకోవాలనుకుని సవరల దగ్గరే కూర్చున్నారు. వాళ్ల మాట విని, పట్టుకుని, రాసుకుని, మళ్లీ వాళ్లనే అడిగి సరిచేసుకున్నారు. 1931లో వ్యాకరణం వచ్చింది, 1938లో నిఘంటువు. మధ్యలో ఎన్నేళ్లు గడిచాయో చూడు. అంత చేసినా అది సవరల భాషగానే ఉంది.

నేర్చుకోవద్దని నేను అనను. నేర్చుకోవడానికి ఎవరి దగ్గర కూర్చున్నావని అడుగుతున్నాను. నీ రాతలో మట్టి ఉంది, బియ్యం ఉంది, అమ్మ ఉంది. సవర మనిషి ఒక్కరూ కనపడలేదు.

రాయగడ_రంగు:
మాస్టారూ, పెద్దవారు, మీ మాట కాదనను. కానీ ఇరవై ఏళ్ల విద్యార్థినిని ముందు కొన్నేళ్లు కూర్చుని రమ్మంటే ఏం గీస్తుంది? చదువుకునే వయసులో అన్నీ ముట్టుకోవాలి. ముట్టుకుంటేనే ఏది తనదో తెలుస్తుంది.

వంశధార:
నేను విశాఖలో ఉంటాను, పదేళ్లుగా పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తున్నాను. పనికోసం వచ్చే పోర్ట్‌ఫోలియోలు కూడా చూస్తుంటాను. ఒక్కోదానికి నాకు దొరికేది నాలుగైదు నిమిషాలు. 18 ఎక్కువ. 12 నుంచి 15 చాలు. నీరసంగా ఉన్న షీటు ఒక్కటి చేరినా పక్కవాటిని కూడా కిందికి లాగుతుంది.

నేను వెతికేవి చెప్తాను. ఒకే పిల్ల పది పేజీల్లో కనిపిస్తే ప్రతి పేజీలోనూ అదే పిల్లలా ఉందా? చీకటి గదిలో దీపం వెలుగు ఎలా వేశారు? జనం గుంపు, చేతివేళ్లు, వర్షం, ఎవరో అలిగి కూర్చున్నప్పటి వీపు... నీ 6 షీట్లు ఎంత బాగున్నా వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పవు, ఎందుకంటే ఆ పద్ధతి వీటికోసం పుట్టింది కాదు. అందుకే మీ సార్ మాటతో నేను ఏకీభవించను. మూడో ఏడులో "నీ శైలి దొరికింది" అని తాళం వేసేస్తే, ఆ తాళం తియ్యడానికి చాలా ఏళ్లు పడుతుంది. నాకు పట్టింది.

అయితే నువ్వు పైన రాసిన తుమ్మజిగురు సంగతి, పెచ్చులూడిన గీత సంగతి నాకు చాలా విలువైనవి. పాడైన ముక్కలతో సహా స్కెచ్‌బుక్ పేజీలు రెండు పెట్టు. ప్రయోగాన్ని ప్రయోగంగానే చూపిస్తే చూసేవాళ్లకి నువ్వు ఎలా ఆలోచిస్తావో తెలుస్తుంది. స్కాన్ చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త, వెలుతురు ఎక్కువైతే ఆ తెలుపులో పుల్ల జాడ కనపడకుండా పోతుంది.

కొండదారి:
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. నేను సోర వాణ్ని. సవర అని మీరంటారు. మాది పుట్టాసింగి నుంచి ఇంకా పైకెక్కాలి. సీతంపేటలో చుట్టాల ఇంట్లో ఉండి చదువుకున్నాను, అందుకే తెలుగు.

మీరంతా బొమ్మ అంటున్నారు. మేం ఇడితాల్ అంటాం. గోడ అందంగా ఉండాలని వేసేది కాదది. ఇంట్లో జబ్బు చేస్తేనో, పంటకో, పోయినవాళ్ల కోసమో వేస్తారు. ఎవరి కోసం వెయ్యాలి, లోపల ఏమేం ఉండాలి అన్నది పూజారి చెప్తాడు. మా అవ్వ చెప్పేది, వేసేది ఆ పోయినవాళ్లొచ్చి కూర్చోడానికని. వేశాక కల్లు, బియ్యం పెట్టి పిలుస్తారు. వాళ్లు ఒప్పుకోకపోతే బొమ్మ మార్చాలి.

చెల్లెమ్మా, నువ్వు పెట్టిన ఫోటోల్లో 4వ షీటు చూశాను. గీత బాగుంది. నిజంగానే బాగుంది. నడిమధ్య దువ్వెన పెట్టావు. ఎందుకు పెట్టావు?

గుణుపురం_గీతలు:
అన్నయ్యా, నిజం చెప్తున్నాను. అక్కడ ఖాళీ ఎక్కువైంది. నిలువు గీతలు కావాల్సి వచ్చాయి. ఒక పుస్తకంలో దువ్వెన చూసి పెట్టాను.

కొండదారి:
నిజం చెప్పావు, సంతోషం. మా అవ్వ చెప్పినదాని ప్రకారం దువ్వెన, వచ్చేవాళ్లు వాడుకోడానికి. ఖాళీ నింపడానికి కాదు.

నేను కోపంతో రాయడం లేదు. మా ఊళ్లో సగం ఇళ్లు ఇప్పుడు చర్చికి వెళ్తాయి. మా ఇంటి గోడకి కూడా సున్నం కొట్టి చాలా ఏళ్లయింది. కాబట్టి ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవడం నాకు ఇష్టమే. పాతది పాతగానే ఉండాలని కూడా అనను. మా ఇడితాల్‌లోకి సైకిలొచ్చింది, విమానమొచ్చింది. కానీ సైకిల్ వేసినవాడికి అది ఎవరికోసం వేస్తున్నాడో తెలుసు. హోటల్ గోడల మీద, చీరల మీద మావి చూసినప్పుడు నాకు బాధ కలిగేది అక్కడే. మనుషులూ గుర్రాలూ ఉంటారు, ఎవరినీ పిలవరు.

నీ పోర్ట్‌ఫోలియో నీ ఇష్టం. "నా శైలి" అని మాత్రం రాయకు.

రాయగడ_రంగు:
అన్నా, దువ్వెన సంగతి నాకూ తెలీదు. రాసినందుకు దండం. నా మాట మీద నేను ఇంకా ఉన్నాను, కానీ ఇంతకుముందున్నంత ధైర్యంగా లేను. 4వ షీటు ఆ అమ్మాయి వేసినవాటన్నిటిలోకీ గొప్పది. అది తీసేస్తే పోర్ట్‌ఫోలియో బలం తగ్గుతుంది. ఆ నష్టం కూడా నిజమే కదా?

వంశధార:
నిజమే. తగ్గుతుంది. ఒక్క నెలలో దాన్ని పూడ్చుకోగలదా అన్నది ఆమె చేతిలో ఉంది.

గుణుపురం_గీతలు:
అందరివీ రెండేసిసార్లు చదివాను. మాస్టారూ, మీ ప్రశ్నకి జవాబు లేక ముందు ఏడ్చాను, తర్వాత పనిలో కూర్చున్నాను.

నాలుగు తీసేశాను, 4వది కూడా. మిగిలిన రెండూ స్కెచ్‌బుక్ పేజీల్లోకి వెళ్లాయి. పక్కన "లంజియా సవరల ఇడితాల్ చూసి చేసిన అభ్యాసం, పుస్తకాల్లోంచి" అని రాశాను. అది రాస్తుంటే సిగ్గనిపించలేదు, తేలికైంది.

తీసేసినచోట కొత్తవి మొదలుపెట్టాను. నౌపడా–గుణుపురం రైల్లో పొద్దున్నే ఎక్కే ఆడవాళ్లు. బుట్టలు, చంటిపిల్లలు, ఒళ్లో అరటిగెల. నేల ఎర్రమట్టి కాదు, మసి. మా వీధిలో పొయ్యి ఉన్న ఇల్లు ఒకటుంది, అక్కణ్నుంచి తెచ్చి జిగురులో కలిపాను. గీత మాత్రం బియ్యప్పిండే. అది మా అమ్మ వాకిట్లోది, చిన్నప్పట్నుంచీ చూస్తున్నది, దాన్ని వదలక్కర్లేదనిపించింది. ఒకే గీత మీద రెండోసారి పోనివ్వడం మానేశాను. తడి మీద నమ్మకం పెట్టుకుని పక్క గీతకి వెళ్లిపోతున్నాను. మూడు షీట్లయ్యాయి. రెండు బాగున్నాయి, ఒకదాంట్లో చేతులు కుదరలేదు. వంశధారగారూ, మీరు వేళ్ల గురించి అన్నది అక్షరాలా నిజం.

ఒక్కటే దిగులు. పాత షీట్లలో ఒకదాన్ని బొద్దింకలు కొరికేశాయి, గీత ఉన్నచోటే.

పర్లాకిమిడి_డ్రాయింగ్ మాస్టారు:
బియ్యం కదమ్మా, తింటాయి. ఎండలో బాగా ఆరబెట్టి, ఎండిన వేపాకు వేసి గట్టి అట్టపెట్టెలో పెట్టు. మంచం కింద పెట్టకు. రైలు బొమ్మలు ఇక్కడ పెడితే చూడాలనుంది.

గుణుపురం_గీతలు:
తప్పకుండా పెడతాను మాస్టారూ. కొండదారి అన్నయ్యా, పోర్ట్‌ఫోలియో పని అయిపోయాక మీ ఊరు వైపు రావొచ్చా? గీయడానికి కాదు.

కొండదారి:
రా. మీ అమ్మగార్ని కూడా తీసుకురా. మా పెద్దమ్మ ఇంట్లో లోపలి గోడ మీద ఒకటి మిగిలింది. పొగకి నల్లబడింది, కళ్లు అలవాటు పడేదాకా కనపడదు. ఫోటో తియ్యనివ్వదు. కూర్చుని చూడొచ్చు. పెన్సిల్ తెచ్చుకోవచ్చో లేదో ఆవిడనే అడిగి చెప్తాను.