బ్రైస్ కాన్యన్ ఫెయిరీల్యాండ్ లూప్: 63 ఏళ్ల నాన్నతో నడవొచ్చా?

డాలస్_అనంత:
అన్నలూ అక్కలూ, ఒక సలహా కావాలి. అమ్మానాన్న అనంతపురం నుంచి వచ్చి రెండు నెలలైంది. అక్టోబర్ మొదటి వారంలో వెగాస్‌కి ఫ్లైట్, అక్కడ్నుంచి కారులో జయాన్, ఆ తర్వాత బ్రైస్ (రెండూ యూటా రాష్ట్రంలోని నేషనల్ పార్కులు) రెండు రాత్రులు అనుకున్నాం. నాన్న యూట్యూబ్‌లో ఫెయిరీల్యాండ్ లూప్ వీడియో చూసి, అంచు మీంచి ఎర్రరాళ్ల మధ్యలోకి దిగి, తిరిగి అంచెక్కి వచ్చే 8 మైళ్ల దారి అది, నడిస్తే అదే నడవాలని పట్టుబట్టారు. ఆయనకు 63, బీపీకి రోజూ ఒక మాత్ర, షుగర్ లేదు. ఏటా అలిపిరి మెట్లెక్కి కొండకు పోతారు, పోయినసారి నేనే వెనకబడ్డాను. ఇక్కడ కూడా పొద్దున్నే గంటసేపు నడుస్తారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, "మీరు పోయి రండి, నేను కూర్చుని చూస్తా" అంది. నా భార్య డ్రైవ్ చేస్తుంది కాబట్టి అమ్మతో ఉంటుంది. లూప్ ఎటు నుంచి మొదలుపెట్టాలి, అసలు ఆయన్ని తీసుకెళ్లొచ్చా, అమ్మకి అన్ని గంటలు ఏం తోస్తుంది? ఆయన చెప్పులతోనే వస్తానంటున్నారు, అది వేరే గొడవ.

నడకపిచ్చి:
బ్రో, నేను ఆ లూప్ రెండుసార్లు చేశాను. అలిపిరి లెక్క ఇక్కడ పనికిరాదు, ముందు మీ నాన్నగారికి ఆ సంగతి చెప్పు. అక్కడ ముందు ఎక్కుతాం, ఓపిక ఉన్నప్పుడే కష్టమంతా అయిపోతుంది, మోకాళ్ల పర్వతం దాటితే దేవుడు కనిపించినట్టే, దిగేటప్పుడు బస్సుంది. ఇక్కడంతా తిరగేసి ఉంటుంది. హాయిగా దిగిపోతాం, ఫోటోలు దిగుతాం, ఇంకా సగం బలం మిగిలే ఉంది అనిపిస్తుంది, తీరా కాళ్లు అలిసిపోయాక ఎండ నడినెత్తికి వచ్చాక అసలు ఎక్కుడు మొదలవుతుంది. మధ్యలో కూడా ఒక లోయలోంచి ఎక్కి ఇంకో లోయలోకి దిగాలి, అన్నీ కలిపితే ఎక్కుడు 1,500 అడుగులు దాటుతుంది. దారంతా గొడుగులాంటి రేకులూ, గాలిగోపురం దగ్గర కూర్చుని తాగే మజ్జిగా ఉండవు. చుక్క నీళ్లు దొరకవు.

ఇంకోటి ఎత్తు. తిరుమల దాదాపు మూడు వేల అడుగులు, బ్రైస్ అంచు దాదాపు 8,000. అంటే కొండ కంటే రెండున్నర రెట్లు పైన. డాలస్ నుంచి నేరుగా వెళ్లినవాడికి మామూలు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది, దాహం వేసేసరికే ఆలస్యమైపోతుంది. మనిషికి మూడు లీటర్లు తప్పనిసరి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు.

అయినా తీసుకెళ్లొద్దు అనను. మొదటి రోజు సాయంత్రం అంచు మీదున్న సన్‌రైజ్ పాయింట్ నుంచి క్వీన్స్ గార్డెన్ దాకా దిగి తిరిగి ఎక్కించు, రానూపోనూ 1.8 మైళ్లు, దిగుడు మరీ ఎక్కువ కాదు. ఆ ఎక్కుడులో ఆయన మాట్లాడుతూ ఎక్కగలిగితే మర్నాడు లూప్‌కి పోండి. మాట ఆగి ఆగి వస్తుంటే వద్దు, మొహమాటపడకు.

సుబ్బు_సాల్ట్‌లేక్:
పైన చెప్పింది నిజం. మా కథ చెప్తా, నవ్వుకోండి. మేం కూడా వెగాస్ నుంచే వెళ్లాం. యూటాలో గడియారం ఒక గంట ముందుంటుందని ఎవరికీ గుర్తులేదు, పది అనుకుని దిగాం, అప్పటికి పదకొండు. ఆగస్టు. నేనూ మా బావమరిదీ ఒక్కొక్కరం ఒకటిన్నర లీటరు పట్టుకెళ్లాం, అదే ఎక్కువనుకున్నాం. ఆ లూప్‌లో వంతెనలా కనిపించే టవర్ బ్రిడ్జ్ అనే రాయి దగ్గరికి వచ్చేసరికి నీళ్లయిపోయాయి, ఒంటిగంట దాటాక ఆకాశం నల్లబడి వడగళ్లు. అక్కడి ఎర్రమట్టి తడిస్తే బూటుకు బూరెల పిండిలా అంటుకుంటుంది, అడుగడుక్కీ కిలో బరువు. ఉరుములు అంచు మీదే పడుతున్నట్టుండేవి. పైన షాపులోకి వచ్చి నేల మీద కూర్చుండిపోయాం. మా ఆవిడ ఈ రోజుకీ ఎక్కడికి బయల్దేరినా "టైమ్ చూశావా, నీళ్లున్నాయా" అంటుంది.

జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు మామూలే, అక్టోబర్‌లో ఆ గొడవ తక్కువ. కానీ తెల్లవారుజామున నీళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది, పదింటికి స్వెట్టర్ విప్పేస్తాం. అమ్మగారికి శాలువా, మంకీ క్యాప్ మర్చిపోవద్దు. అప్పుడప్పుడు అక్టోబర్‌లో మంచు కూడా పడుతుంది, ముందురోజు వాతావరణం చూసుకో.

బీపీ మాత్ర గురించి ఒక మాట. కొన్ని మాత్రలు ఒంట్లో నీళ్లు లాగేస్తాయి. మా నాన్నది అలాంటిదే. ఏ రకమో చూసి బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి, ఇక్కడ మనకు తెలిసింది చెప్పేది కాదు అది.

రాళ్లపిచ్చి:
అందరూ లోపలికి దిగడం గురించే చెప్తున్నారు, అంచుని ఎవరూ పట్టించుకోవట్లేదు. నాకు మాత్రం ఆ లూప్‌లో అంచు మీద నడిచే రెండున్నర మైళ్లే ఇష్టం. లోపల ఉంటే రాయి పక్కన రాయి, తల ఎత్తి చూడటమే. అంచు మీంచి చూస్తే ఆ గుంపంతా ఒకేసారి కనిపిస్తుంది, ఉత్సవానికి వచ్చి నిలబడిపోయిన జనంలా. అక్కడి పాయూట్ జాతివాళ్ల కథలో కూడా ఆ రాళ్లు ఒకప్పుడు మనుషుల రూపంలో ఉన్నవాళ్లే, తప్పు చేస్తే కొయోటీ (నక్కలాంటి జంతువు, వాళ్ల కథల్లో మహిమలున్నది) రాళ్లుగా మార్చేసిందట. అమ్మగారికి ఈ కథ చెప్పండి, అహల్య కథతో కలిపి ఆవిడే ఇంకో గంట మాట్లాడతారు.

పేరుకి కాన్యన్ కానీ గండికోటలో పెన్నలాగా నది కోసిన లోయ కాదిది. పీఠభూమి అంచు అరిగిపోతూ ఏర్పడిన సగం గిన్నెలు. పగలు కరిగిన మంచునీళ్లు పగుళ్లలోకి దిగి రాత్రి గడ్డకడతాయి, గడ్డకట్టిన నీరు ఉబ్బి రాయిని చీలుస్తుంది. ఏడాదిలో దాదాపు సగం రోజులు ఇదే పని. అంచు వందేళ్లకు ఒకటి నుంచి నాలుగు అడుగులు వెనక్కి జరుగుతోంది, కాబట్టి సెల్ఫీకని కొసకు పోయి నిలబడే వాళ్లని చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది.

చెప్పుల సంగతి: అస్సలు వద్దు. దిగుడులో సన్న గులకరాళ్లుంటాయి, గోళీల మీద కాలేసినట్టే. అక్కడ ఎక్కువగా దెబ్బ తగిలేది చీలమండకే, కారణం చెత్త బూట్లు. అడుగు గట్టిగా పట్టే బూట్లు ఇప్పుడే కొని ఆ పొద్దుటి నడకల్లో అలవాటు చేయించు. ఒక చేతికర్ర కూడా, అవసరం లేదంటారు, అయినా బ్యాగులో పెట్టు.

డాలస్_అనంత:
అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నకి మొత్తం చదివి వినిపించాను. ఎత్తు సంగతి విని కొంచెం ఆలోచనలో పడ్డారు, "అయితే ముందు ఆ చిన్నది చూద్దాం" అన్నారు. బూట్లకి శనివారం వెళ్తున్నాం. ఒక డౌట్, మొత్తం లూప్ తిరగకుండా సగంలో ఆపడానికి వీలుందా? లూప్‌కి రెండో చివరున్న ఫెయిరీల్యాండ్ పాయింట్‌కి పార్కు షటిల్ బస్సు వెళ్తుందా?

నడకపిచ్చి:
షటిల్ అక్కడికి వెళ్లదు, అదే నీకు కలిసొచ్చే విషయం, ఎందుకంటే మీ ఇంట్లో ఇంకో డ్రైవర్ ఉంది. పొద్దున్నే మీ ఆవిడ మిమ్మల్నిద్దర్నీ ఫెయిరీల్యాండ్ పాయింట్ దగ్గర దింపి, అత్తగారితో కారు సన్‌రైజ్ పాయింట్‌కి తీసుకెళ్లాలి. మీరు అక్కడ దిగి, చల్లగా ఉన్నప్పుడే లోపలి దారి నడిచి, టవర్ బ్రిడ్జ్ చూసుకుని, సన్‌రైజ్ వైపు ఎక్కండి. అంచెక్కేసరికి అయిదున్నర మైళ్లు అవుతుంది. కారు అక్కడే ఉంటుంది కదా, నాన్నగారు అలిసిపోతే అక్కడితో సరి, ఓపికుంటే మీరిద్దరూ అంచు మీంచి ఆ రెండున్నర మైళ్లు నడవండి, మీ ఆవిడ మళ్లీ ఫెయిరీల్యాండ్‌కి వచ్చి ఎక్కించుకుంటుంది. అంచు దారీ చదునేం కాదు, ఎగుడుదిగుళ్లుంటాయి, ముందే చెప్తున్నా. టవర్ బ్రిడ్జ్‌కి రాకముందు కష్టమైతే మాత్రం షార్ట్‌కట్ లేదు, వచ్చిన దారే. అందుకని గంట నడిచాక ఒకసారి ఆగి ఆయన ముఖం చూసి నిర్ణయించుకో.

అమ్మగారికి సన్‌రైజ్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా అరమైలు చక్కటి చదునైన సిమెంటు లాంటి దారి, బెంచీలు ఉన్నాయి. అక్కడ్నుంచి షటిల్ ఎక్కితే బ్రైస్ పాయింట్ దాకా కూర్చునే చూడొచ్చు, అక్టోబర్ మధ్య వరకు నడుస్తుంది.

లోపల మాకు ఫోన్ సిగ్నల్ అందలేదు, కాబట్టి ఎన్నింటికి కలవాలో, ఎంత ఆలస్యమైతే రేంజర్‌కి చెప్పాలో ముందే మాట్లాడుకోండి. బాత్రూమ్ పని, నీళ్లు నింపుకోవడం విజిటర్ సెంటర్‌లోనే అయిపోవాలి. అక్కడికి వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి, ఎందుకంటే ఫెయిరీల్యాండ్ మలుపు విజిటర్ సెంటర్‌కి ముందే వస్తుంది, చాలామంది చూడకుండా దాటిపోతారు.

సుబ్బు_సాల్ట్‌లేక్:
పులిహోర కట్టుకుని వెళ్లు. టవర్ బ్రిడ్జ్ కింద కూర్చుని తింటే నాన్నగారు ఆ వీడియో సంగతి కూడా మర్చిపోతారు. ఆకులు, చెత్త మాత్రం తిరిగి బ్యాగులోనే, పైకి వచ్చాక పడేయండి.