అనంతపురం ప్రాంతానికి ట్రావెల్ మోడల్: 2011 జనాభా లెక్కలు సరిపోతాయా?

ప్రశ్న: మాది అనంతపురం. పాత జిల్లా మొత్తానికి ట్రావెల్ డిమాండ్ మోడల్ (ఎంతమంది ఎక్కడి నుంచి ఎక్కడికి, దేనిలో వెళ్తారో అంచనా వేసే లెక్క) చేస్తున్నాను. 2011 జనాభా లెక్కల్లో పనికి వెళ్లే దూరం, వాహనం చెప్పే బీ-28 పట్టిక దొరికింది కానీ, ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్తున్నారో అందులో లేదు. దీన్ని ఎలా వాడాలి? సబ్మిషన్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ఊరి నుంచి ఊరికి లెక్క అందులో రాదన్నా. దూరం మాత్రం 0-1, 2-5, 6-10 కిలోమీటర్లు ఇలా 51 దాటేవరకు ఉంటుంది కదా, గ్రావిటీ మోడల్‌లో (ఊళ్ల పరిమాణం, మధ్య దూరం బట్టి వాటి మధ్య ప్రయాణాలు అంచనా వేసే పద్ధతి) వచ్చే ట్రిప్పుల దూరాలు ఆ పంపిణీకి దగ్గరగా వచ్చేదాకా ఫ్రిక్షన్ ఫ్యాక్టర్లు (దూరం పెరిగేకొద్దీ ప్రయాణాలు ఎంత తగ్గుతాయో చెప్పే అంకెలు) సరిచేసుకో.

జవాబు 2: అసలు జాగ్రత్త ఇంకొకటి ఉంది. ఆ పట్టికలో ఉండేది 'ఇతర కార్మికులు' మాత్రమే. రైతులు, వ్యవసాయ కూలీలు, ఇంట్లోనే మగ్గం నేసేవాళ్లు అందులో లేరు. మన దగ్గర పొద్దున్నే ఆటోల్లో కిక్కిరిసి చేను పనికి పోయే ఆడవాళ్లను వదిలేస్తే అది మన జిల్లా మోడల్ ఎలా అవుతుంది? వాళ్ల కోసం పల్లెల్లో చిన్న సర్వే అయినా చెయ్యి. కాలేజీ పిల్లలు కూడా అందులో రారు.

జవాబు 3: పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలైంది 2019లో. కాబట్టి హిందూపురం, పెనుకొండ వైపు పాత అంకెలు నమ్మొద్దు, 44వ జాతీయ రహదారి మీద వాహనాల లెక్క తీసుకుని సరిచూడు.

ప్రశ్న అడిగినవారు: కూలీల సంగతి నాకు తట్టనే లేదన్నా, చాలా థ్యాంక్స్. రేపే శింగనమల వైపు వెళ్తా.