అప్‌డేట్: చావులేని హీరోతో నా మొదటి నవల

"చావే లేనివాడికి ఇక భయమేంటి, కథలో టెన్షన్ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని నా ఫాంటసీ నవల గురించి అడిగాను కదా. మహాభారతంలోని సౌప్తిక పర్వం చదవమన్నవాళ్లకి థ్యాంక్స్. అక్కడ అశ్వత్థామకి కృష్ణుడిచ్చిన శాపం 3,000 ఏళ్లే! ఒంటినిండా రోగాలు, చీమునెత్తురు వాసన, పలకరించే మనిషి ఉండడు. అయినా గడువంటూ ఉంది. నా హీరోకీ ఒక గడువు పెట్టేశా, అదెప్పుడో వాడికి తెలీదంతే.

ఇంకోటి. చిరంజీవుల్లో ఒకడైన కృపాచార్యుడు అశ్వత్థామకి స్వయానా మేనమామ. ఒకే ఇంట్లో ఇద్దరు, శాపం మాత్రం ఒక్కడికే! కథకి ముడి అక్కడే దొరికింది. మామా మేనల్లుళ్లు ఎదురుపడే సీన్ రాస్తున్నా. ప్రేమకథ పెట్టమన్న సలహా మాత్రం పక్కన పెట్టా. తరానికో ప్రేయసి చచ్చిపోవడం మరీ అరిగిపోయిందండీ.