పడవలో ఇన్సులిన్ ఫ్రిజ్ తెల్లవారుజామున ఆగిపోతోంది, లోపం ఎక్కడ?

శ్రీశైలం వెనుక జలాల్లో తెరచాప పడవపై ఉంటున్నాం. మా ఆయన చెకప్‌కు కర్నూలు పోయిన రోజు ఫ్రిజ్‌ను చూసేవాళ్లుండరు. వాడని ఇన్సులిన్ 2-8 డిగ్రీల్లోనే ఉండాల, ఈ ఎండల్లో అదే నా భయం.

12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, 100 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. రాత్రి 3 గంటలప్పుడు కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు, ఫ్రిజ్ దగ్గర 10.3. 10.4 కిందికి పడితే అది కట్ అవుతుంది. అంటే బ్యాటరీ బాగానే ఉన్నట్టు, మధ్యలోనే 2 వోల్టులు పోతున్నాయి. పగలు సోలార్ ఛార్జింగ్ ఉన్నప్పుడు వోల్టేజీ ఎక్కువ కాబట్టి లోపం బయటపడదు.

ఆరు మీటర్ల వైరు 2.5 నుంచి 6 చదరపు మిల్లీమీటర్లకు మార్చినా, టెర్మినళ్లు గీకి బిగించినా తేడా లేదు. మధ్యలో మిగిలినవి ఫ్యూజు హోల్డరు, స్విచ్చి, నెగటివ్ జాయింటు.

స్టార్టయ్యే ఆ క్షణంలో మల్టీమీటర్‌తో ఈ మూడింట్లో దేన్ని ముందు, ఎట్లా కొలవాల?