పన్నెండు వేల ఫోన్‌లో పేటెంట్ల వాటా ఎంత?

బెజవాడ సెల్‌పాయింట్:
బీసెంట్ రోడ్డులో చిన్న షాపు మాది. నిన్న ఒక ఇంజనీరింగ్ కుర్రాడు 5జీ ఫోన్ బేరమాడుతూ "ఇందులో సగం పేటెంట్ డబ్బులేనండీ, తగ్గించండి" అన్నాడు. నాకు మిగిలేదే టెంపర్డ్ గ్లాసు మీద! అసలు ఒక్కో ఫోన్‌కి ఎంత కడతారు? 6జీ వస్తే పెరుగుతుందా?

గుంటూరు టవర్:
సగం ఏంటండీ బాబూ! 5జీ పేటెంట్లున్న కంపెనీల్లో హువావే 2021లో చెప్పిన గరిష్ఠ రేటు ఫోన్‌కి 2.5 డాలర్లు. నోకియాది 3 యూరోలు. ఎరిక్సన్ 5 డాలర్లు అంది, చవక ఫోన్లకు 2.5 దాకా దిగుతానంది. క్వాల్‌కామ్ మాత్రం ధరలో శాతం లాగుతుంది: 4జీ కూడా పనిచేసే 5జీ ఫోన్‌కి 3.25 శాతం. ఇవన్నీ బోర్డు మీద రేట్లే, లోపల బేరాలు వేరు. కట్టేది తయారీ కంపెనీ.

లా పాయింట్:
కట్టకపోతే కోర్టే. 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఎరిక్సన్‌కు 244 కోట్లు ఇమ్మని మన దేశపు ఫోన్ కంపెనీ లావాను ఆదేశించింది. అదీ పాత 2జీ, 3జీ పేటెంట్ల గొడవ.

గుంటూరు టవర్:
6జీ రేట్లు ఇప్పుడే చెప్పలేం. 6జీ ఎలా పనిచేయాలో చెప్పే సాంకేతిక ప్రమాణాలు 3జీపీపీలో, అంటే మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాలు రాసే అంతర్జాతీయ వేదికలో తేలాలి. ఎవరి పద్ధతి అందులోకి ఎక్కితే, ఆ పేటెంట్‌కి ఫోన్ తయారుచేసే ప్రతి కంపెనీ కట్టాల్సిందే. పోటీ అంతా అందుకే. పేటెంట్లున్న కంపెనీలు న్యాయమైన రేటుకే వాడుకోనిస్తామని ముందే మాటిస్తాయి గానీ, ఏది న్యాయమో తేల్చడానికే ఏళ్లు పడుతుంది.

బెజవాడ సెల్‌పాయింట్:
థాంక్సండీ. కుర్రాడు సాయంత్రం మళ్లీ వస్తానన్నాడు, ఈ లెక్క చూపిస్తా. కవర్ మాత్రం ఫ్రీగా ఇవ్వక తప్పదు.