చర్చ: చెల్లో నేర్చి బేస్ గిటార్ పట్టిన జాక్ బ్రూస్

మంద్రస్థాయి:
చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకుని, కాలేజీ రోజుల్లో బేస్ గిటార్ వైపు మళ్ళినవాణ్ణి నేను. శాస్త్రీయ శిక్షణ రాక్ వాయించేవాడికి అక్కరకొస్తుందా, అడ్డొస్తుందా అన్న వాదన మా బృందంలో తరచూ రేగుతుంది. అప్పుడల్లా నేను రాక్ గాయకుడు, బేస్ వాద్యకారుడు జాక్ బ్రూస్ పేరే ఎత్తుతాను.

1943లో గ్లాస్గో శివారులోని బిషప్‌బ్రిగ్స్‌లో పుట్టిన బ్రూస్, చెల్లో (వయొలిన్ కుటుంబంలోని పెద్ద, మంద్రస్వరపు వాద్యం) వాయించడమూ స్వరరచనా అభ్యసించడానికి ఉపకారవేతనం సంపాదించి రాయల్ స్కాటిష్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరాడు. చదువుకుంటూనే బయట ఒక జాజ్ బృందంలో డబుల్ బేస్ వాయించేవాడు. ఆ సంగతి తెలిసి అకాడమీవారు జాజైనా మానుకో, చదువైనా మానుకో అనేసరికి, అతడు చదువే మానుకున్నాడు. 1962లో లండన్‌లో అలెక్సిస్ కార్నర్ బృందంలో కుదురుకున్నాడు. ఆ తరువాత గ్రాహం బాండ్, జాన్ మేయల్, మాన్‌ఫ్రెడ్ మాన్ బృందాలలో వాయించి, 1966లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్, డ్రమ్మర్ జింజర్ బేకర్‌లతో కలిసి క్రీమ్ అనే రాక్ బృందాన్ని స్థాపించాడు. బృందాలు ఎన్ని మారినా అకాడమీలో అబ్బిన చెవి మారలేదని నా అభిప్రాయం. మీలో ఇలా ఒక పద్ధతిలో నేర్చుకుని మరో సంగీతంలోకి వెళ్ళినవారు మీ అనుభవాలు పంచుకోవలసిందిగా మనవి.

నాలుగుతీగలు:
నేను వృత్తిరీత్యా బేస్ వాద్యకారుణ్ణి, ఎక్కువగా సినిమా పాటల కచేరీలకు వాయిస్తాను. మన దగ్గర బేస్ అంటే షడ్జమం పట్టుకుని తాళానికి కాపుగా ఉండడమే అనుకునేవారు ఇప్పటికీ ఎక్కువ. బ్రూస్ ఆ పాత్రను ఒప్పుకోలేదు. క్రీమ్‌లో ముగ్గురే ఉండడంతో, క్లాప్టన్ సోలో ఎత్తుకున్నప్పుడు వెనక శ్రుతులు (కార్డ్స్) పట్టే రెండో గిటార్ ఉండదు. ఆ ఖాళీని మోతతో నింపకుండా, గిటార్‌కు ఎదురుగా మరో రాగరేఖ నడిపి నింపడం అతని పద్ధతి. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన బేస్ వరుసలంటే అతనికి ఎనలేని అభిమానం. అమెరికన్ రికార్డు కంపెనీ మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ అన్నా అంతే. వీరిద్దరినీ కలిపి వినగలిగిన చెవి కాబట్టే, అతని బేస్‌ను విడిగా తీసి విన్నా ఒక పాటలా ఉంటుంది.

వాద్యం గురించి కూడా ఒక మాట. క్రీమ్ కాలంలో అతడు ఎక్కువగా వాయించిన గిబ్సన్ ఈబీ-3 పొట్టి మెడ బేస్. మామూలు ఫెండర్ బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలైతే దీనిలో 30.5 అంగుళాలే. ఒక మిత్రుడి దగ్గర అటువంటి బేస్ తీసుకుని వాయించి చూశాను. పొడవు తగ్గితే బిగువూ తగ్గుతుంది కనుక, మూడో తీగను ఏడో మెట్టు దగ్గర వేలితో పక్కకు లాగితే స్వరం తేలికగా పైకి జారుతుంది. నా సొంత బేస్ మీద అదే పని చేయబోతే వేలికొన నొప్పి పెట్టింది తప్ప స్వరం సరిగా కదలలేదు. బ్రూస్ బేస్ తీగలను లీడ్ గిటార్‌లా సాగదీసి వాయించడంలో ఈ పొట్టి మెడ పాత్ర చిన్నది కాదు.

వీణపాణి:
నాలుగుతీగలు గారూ, తీగ లాగడం గురించి మీరు చెప్పింది వీణ వాయించే మాకు బాగా దగ్గరి విషయం. నేను సంగీత పాఠాలు చెబుతాను. ‘సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్’ పాటలోని ఆ ప్రసిద్ధమైన వరుసను పిల్లలకు స్వరాలలో రాసి ఇస్తుంటాను. ఆధార షడ్జమం డి అనుకుంటే అది ‘స స ని స, ప మ మ స గ స’ అవుతుంది. నిషాదం కైశికి, గాంధారం సాధారణం. రెండు మధ్యమాలలో మొదటిది ప్రతి మధ్యమం, రెండోది శుద్ధ మధ్యమం. పంచమం నుంచి రెండు మధ్యమాల మీదుగా వరసగా దిగడం మన పిల్లలకు మొదట వింతగా తోస్తుంది, రెండోసారికి నోటికి వచ్చేస్తుంది. 1967 జనవరిలో లండన్‌లో జిమీ హెండ్రిక్స్ కచేరి విని వచ్చిన ఊపులో బ్రూస్ ఈ వరుస కట్టాడు.

అదే విధంగా ‘వైట్ రూమ్’ మొదట్లో వినిపించే భాగం అయిదు లెక్కలో నడుస్తుంది, చరణం మొదలవగానే నాలుగులోకి మారుతుంది. ఖండంలో చేయి వేస్తూ విని, చరణం దగ్గర చతురశ్రానికి మారమంటే పెద్ద విద్యార్థులు కూడా మొదటిసారి తడబడతారు. అయితే ఆ అయిదు లెక్క తన ఆలోచనేనని బేకర్ చెప్పుకున్నాడు కనుక, దానిని బ్రూస్ శిక్షణ ఖాతాలో వేయలేము.

పాతరికార్డు:
శాస్త్రీయ శిక్షణకు ఇక్కడ కొంచెం ఎక్కువ ఘనత కట్టబెడుతున్నారేమో అనిపిస్తోంది. అతడు అకాడమీలో ఉన్నది కొద్దికాలమే. ఆపైన లండన్ క్లబ్బులలో రాత్రి తరువాత రాత్రి బ్లూస్, జాజ్ వాయించి గడించిన అనుభవం దానికంటే ఎంతో పెద్దది. పాడుతూ, ఆ పాటతో పొంతన లేని బేస్ వరుసను అదే సమయంలో వాయించడం ఏ పాఠశాలా నేర్పదు. దాన్ని వేదిక మీదే నేర్చుకోవాలి. నేను కొన్నాళ్ళు పాడుతూ బేస్ వాయించిన మనిషిని కనుక ఆ కష్టం తెలుసు. నా గొంతు పదాన్ని ఎక్కడ విరిస్తే నా వేళ్ళు కూడా అక్కడే ఆగిపోయేవి.

మంద్రస్థాయి:
పాతరికార్డు గారూ, వేదిక అనుభవాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ 1968లో వచ్చిన ‘వీల్స్ ఆఫ్ ఫైర్’ ఆల్బమ్ తీసుకోండి. అందులో బ్రూస్ పాడాడు, బేస్ వాయించాడు. వాటితోపాటు చెల్లో, మౌత్ ఆర్గాన్, అకౌస్టిక్ గిటార్, రికార్డర్ (ఒక రకం పిల్లనగ్రోవి), కాలియోప్ (ఆవిరితో మోగే ఆర్గాన్ వంటి వాద్యం) కూడా అతనివే. ‘యాజ్ యూ సెడ్’ అన్న పాటలో క్లాప్టన్ లేనే లేడు. బ్రూస్ అకౌస్టిక్ గిటార్ మీద చెల్లో గీతలు పరుచుకుంటూ పోగా, బేకర్ హై-హ్యాట్ (డ్రమ్ముల పక్కనుండే జంట తాళాలు) మాత్రమే అందుకుంటాడు. ఆ చెల్లో వినండి. తీగ మీద కమాను కదిలించడం ఎలాగో తెలిసినవాడు, ఎక్కడ ఎంతసేపు లాగి ఎక్కడ వదలాలో లెక్క పెట్టుకుని రాసిన వరుస అది. వయొలిన్ మీద కమాను పట్టిన చేతికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. అదే ఆల్బమ్‌లోని ‘ట్రెయిన్‌టైమ్’ పూర్తిగా క్లబ్బుల చదువు, అందులో మౌత్ ఆర్గానూ గొంతూ తప్ప అతని చేతిలో మరేదీ లేదు. రెండూ ఒకే మనిషివి కనుక, ఒకటి నిజమని రెండోదాన్ని తోసేయలేము.

గోదావరిగట్టు:
క్రీమ్ దగ్గరే ఆగిపోతున్నారు. ఆ బృందం రెండేళ్ళ చిల్లర మాత్రమే నడిచి, 1968 నవంబరు 26న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో వీడ్కోలు కచేరి చేసి ముగిసింది. బ్రూస్ ఆపైన నలభై అయిదేళ్ళకు పైగా వాయించాడు. ఆ భాగాన్ని రాక్ అభిమానులు దాటేయడం నాకెప్పుడూ కష్టంగానే ఉంటుంది. 1969లో ‘సాంగ్స్ ఫర్ ఎ టైలర్’, 1971లో ‘హార్మనీ రో’ వచ్చాయి. రెండో దాని పేరు గ్లాస్గోలోని ఒక వీధిది. అందులో గిటార్‌కు క్రిస్ స్పెడింగ్, డ్రమ్ములకు జాన్ మార్షల్ ఉండగా, మిగతా వాద్యాలన్నీ ఇంచుమించుగా బ్రూసే చూసుకున్నాడు. ఆ పాటలు చాలావరకు పియానో దగ్గర పుట్టినవని శ్రుతుల నడకలోనే తెలుస్తుంది. పీట్ బ్రౌన్ సాహిత్యం క్రీమ్ రోజుల నుంచీ అతనికి తోడుగా ఉంది.

1970లో బ్రూస్, డ్రమ్మర్ టోనీ విలియమ్స్ నడిపిన ‘లైఫ్‌టైమ్’ అనే జాజ్-రాక్ బృందంలో చేరాడు. అక్కడి గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అతనికి గ్రాహం బాండ్ నాటి స్నేహితుడు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఆ తరువాత ‘రిమెంబర్ శక్తి’లో ఇదే మెక్‌లాఫ్లిన్ పక్కన వాయించాడు. నేను మెక్‌లాఫ్లిన్ పేరు వెతుక్కుంటూ వెళ్ళి బ్రూస్‌ను కనుక్కున్నాను. శ్రీనివాస్ 2014 సెప్టెంబరులో, బ్రూస్ అక్టోబరు 25న పోవడంతో ఆ శరదృతువు మా ఇంట్లో పాత రికార్డులతోనే గడిచింది.

నాలుగుతీగలు:
గోదావరిగట్టు గారి మాటకు నా వృత్తి వైపు నుంచి ఒక సంగతి చేరుస్తాను. క్రీమ్ తరువాత అతడు అదే బాణీలో మరో పది ఆల్బములు చేసి ఉంటే హాయిగా బతికేవాడు. 1972లో వెస్ట్, బ్రూస్ అండ్ లేయింగ్ పేరిట అటువంటి ముగ్గురి బృందం ఒకటి కట్టాడు కూడా, కానీ అది ఎక్కువ కాలం నిలవలేదు. అది కాక జాజ్ స్వరకర్త కార్లా బ్లే ఆల్బమ్ ‘ఎస్కలేటర్ ఓవర్ ద హిల్’లో పాడాడు, రాక్ గాయకుడు లూ రీడ్ ఆల్బమ్ ‘బెర్లిన్’లో బేస్ వాయించాడు. చాలా ఏళ్ళ తరువాత 1995లో ‘మంక్‌జాక్’ అన్న ఆల్బమ్‌లో బేస్ జోలికి పోకుండా పియానో వాయిస్తూ పాడాడు, తోడుగా బర్నీ వారెల్ ఆర్గాన్ ఉంది. ఇటువంటి కొలువులతో పేరు వస్తుందేమో గానీ ఇంటద్దె గడవడం కష్టం. నా అనుభవంలో పలు వాద్యాలు వచ్చినవాడికి పని ఎక్కువ దొరుకుతుంది, నిజమే. అయితే పిలిచేవారికి అతణ్ణి దేనికోసం పిలవాలో తెలియక మరొకరిని పిలిచే సందర్భాలు కూడా అంతే ఉంటాయి.

పాతరికార్డు:
ఆ మాట ఒప్పుకుంటాను. 2003లో కాలేయ కాన్సర్ అని తేలి, కాలేయ మార్పిడి జరిగి, చావుదాకా వెళ్ళి వచ్చిన బ్రూస్ 2005 మేలో అదే ఆల్బర్ట్ హాలులో క్రీమ్ పాటలు మళ్ళీ పాడాడు. ఆ రికార్డింగులో గొంతులో పాత ఉరుము లేదు. బేస్ మాత్రం తగ్గలేదు. మలిదశలో అతడు వార్విక్ కంపెనీ చేసిన మెట్లు లేని బేస్ ఎక్కువగా వాడాడు. మెట్లు లేకుండా శ్రుతి తప్పక వేలు పెట్టడం చెల్లో విద్యే కాబట్టి, ఈ ఒక్క విషయంలో మంద్రస్థాయి గారి వాదనకు తల వంచుతున్నాను.

కొత్తసభ్యురాలు:
నమస్కారమండీ. మా అమ్మాయి చెల్లో నేర్చుకుంటోంది. రాక్ అంటే దానికి కేకలే అని అభిప్రాయం. దేనితో మొదలుపెట్టించమంటారు?

వీణపాణి:
ముందు ‘యాజ్ యూ సెడ్’ వినిపించండమ్మా, చెల్లో గీతలను తనంతట తాను వాయించుకోవడానికి ప్రయత్నించనివ్వండి. అది నచ్చితే ‘హార్మనీ రో’ పెట్టండి. ‘లైఫ్‌టైమ్’ రికార్డులు మాత్రం ఇప్పుడే వద్దు, అవి విన్నదంటే కేకల గురించి తన అభిప్రాయమే గట్టిపడుతుంది.