ప్రాణిక్ హీలింగ్ మొదలయ్యాక అమ్మ మాత్రలు మానేసింది, ఎలా ఒప్పించాలి?

మాది తిరుపతి. అమ్మకు 54 ఏళ్లు. డిప్రెషన్‌కు ఏడు నెలలుగా రోజూ ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ వేసుకునేది. రెండు నెలల నుంచి శనివారాలు ప్రాణిక్ హీలింగ్‌కు వెళ్తోంది. ఒంటిని తాకరు, పక్కన ఉప్పునీళ్ల గిన్నె పెట్టుకుని, చేతులు గాల్లో దులుపుతూ అరగంట చేస్తారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోతుంది, నేనే చూశాను. అందుకే వద్దనలేను.

తొమ్మిది రోజుల క్రితం "ఇంక మాత్రలెందుకురా" అని ఒక్కసారిగా మానేసింది. నాలుగో రోజు నుంచి కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే, సొంతంగా ఆపకూడదు, డాక్టర్‌ను అడిగి మెల్లగా తగ్గించాలన్నారు. చెప్పాను, వినలేదు. డాక్టర్ హీలింగ్ మాన్పిస్తారని ఆమె భయం.

ఇంట్లో రెండూ కొనసాగించినవాళ్లు చెప్పండి: ఆ భయం పోగొట్టి డాక్టర్ దగ్గరకు ఎలా తీసుకెళ్లారు?